‘వినిపిస్తున్నాయి’కీ ‘వినిపిస్తున్నారు’కీ మధ్య: తీవ్ర మానసిక వ్యాధి మాటలో కనబడే తీరు

సంక్షిప్తంగా: స్కిజోఫ్రేనియా, బైపోలార్ డిజార్డర్, తీవ్రమైన కుంగుబాటు వంటి వ్యాధులు మనిషి మాట తీరును మారుస్తాయని వైద్యశాస్త్రం నూరేళ్ళకు పైగా గమనిస్తోంది. ఈ గమనింపు ఎక్కువగా జర్మన్, ఇంగ్లీషు మాట్లాడేవారిపై జరిగింది. తెలుగులో అదే అనుభవం క్రియ చివరి ప్రత్యయంలోనో, ‘-అట’లోనో, ‘నాకు’లోనో బయటపడుతుంది. శ్రీకాకుళం, విజయనగరం మాండలికాల్లో చెప్పిన మాట కేస్ షీట్‌లోకి ఎక్కేలోపు రెండుసార్లు అనువాదమవుతుంది, రోగనిర్ణయానికి పనికొచ్చే సమాచారం కొంత ఆ దారిలోనే జారిపోతుంది.

ఓపీ గదిలో రెండు అనువాదాలు

శ్రీకాకుళం తీరంలోని ఒక పల్లె నుంచి ఇరవై రెండేళ్ళ కొడుకును మానసిక వైద్య విభాగానికి తీసుకువచ్చిన తల్లి చెప్పే మాటలు సాధారణంగా ఇలా ఉంటాయి: “ఒక్కడే మాటాడుకుంతన్నాడు బాబూ. తనలో తానే నవ్వుకుంతన్నాడు. రాత్తిరి నిద్దర నేదు. అన్నం ఎడితే ఏటో కలిపీసినారంతాడు.” కొడుకును అడిగితే, కాసేపు నేలచూపులు చూసి, “నన్ను సంపేస్తారట” అంటాడు. (ఈ వ్యాసంలోని ఉదాహరణ వాక్యాలు ఏ ఒక్క వ్యక్తివీ కావు, ఇటువంటి సందర్భాల్లో వినబడే మాటల ధోరణిని చూపడానికి కూర్చినవి.)

ఈ మాటలు ముందుగా వైద్యుడి మనసులో ప్రామాణిక తెలుగులోకి మారతాయి, ఆ వెంటనే కేస్ షీట్ మీద ఇంగ్లీషులోకి మారతాయి. చివరికి కాగితం మీద మిగిలేది తనలో తాను మాట్లాడుకోవడం, నిద్రలేమి, ఇతరులు హాని చేస్తారన్న అనుమానం. ఇవన్నీ నిజమే, వైద్యం మొదలుపెట్టడానికి ఇవి చాలు కూడా. అయితే ఆ అబ్బాయి ‘సంపేస్తారు’ అనలేదు, ‘సంపేస్తారేమో’ అనలేదు, ‘సంపేస్తారట’ అన్నాడు. తెలుగులో ‘-అట’ వచ్చిందంటే ఆ సంగతి మరొకరి నోట విన్నదని అర్థం. ఎవరి నోట విన్నాడు అన్నదే అతని అనుభవానికి కేంద్రం కావచ్చు, కాగితం మీద ఆ ఒక్క అక్షరానికి చోటు దొరకలేదు.

వైద్యశాస్త్రం మాటను ఎలా విన్నది

మానసిక వ్యాధిలో మాట చెదురుతుందన్న సంగతిని శాస్త్రీయంగా నమోదు చేసినవారిలో జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ ముందువరుసలో ఉంటాడు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఆయిగెన్ బ్లాయ్‌లర్ 1908లో ‘స్కిజోఫ్రేనియా’ అనే పేరును ప్రతిపాదించి, 1911లో వెలువరించిన గ్రంథంలో ఆ వ్యాధి మూలలక్షణాల్లో ఒకటిగా భావాల మధ్య లంకె సడలిపోవడాన్ని పేర్కొన్నాడు. ఒక ఆలోచనను మరో ఆలోచనతో కట్టే దారం వదులైతే మాటలో అది కనబడక మానదని ఆయన వివరణ. అంటే మొదటి నుంచీ మాటను ఆలోచనకు అద్దంగానే చూశారు, మాట గజిబిజిగా ఉంటే ఆలోచన గజిబిజిగా ఉందని లెక్క.

ఈ లెక్కను సరిచూసినది అమెరికా పరిశోధకురాలు నాన్సీ ఆండ్రియాసెన్. ‘ఆలోచన చెదరడం’ అన్న ఒకే మాట కింద వైద్యులు ఎన్నో వేర్వేరు లక్షణాలను కలిపేస్తున్నారని గమనించి, 1979లో ఆమె వాటిని విడదీసి నిర్వచించారు. అడిగినదానికి పక్కదారిన జవాబివ్వడం, ఒక విషయం నుంచి సంబంధం లేని మరో విషయంలోకి జారిపోవడం, లేని పదాలను పుట్టించడం, అర్థాన్ని వదిలి శబ్దసామ్యం వెంట పోవడం, ఎంత మాట్లాడినా సరుకు లేకపోవడం, అసలు మాటలే తగ్గిపోవడం వంటివి వేటికవే కొలవదగిన అంశాలయ్యాయి. మాట చెదరడం స్కిజోఫ్రేనియాకు మాత్రమే పరిమితం కాదనీ, బైపోలార్ వ్యాధిలోని ఉన్మాద దశలోనూ అంతే ఎక్కువగా కనబడుతుందనీ ఈ విభజనతో తేలింది. రోగి ఎలా ఆలోచిస్తున్నాడో ఎవరికీ నేరుగా కనబడదు, కనబడేది అతను ఎదుటివారితో సంభాషించే తీరేనని ఆమె చేసిన హెచ్చరిక ఈనాటికీ విలువైనది.

అదే ఏడాది షెర్రీ రోచెస్టర్, జె.ఆర్. మార్టిన్ వెలువరించిన అధ్యయనం మరో కోణాన్ని చేర్చింది. స్కిజోఫ్రేనియా ఉన్న కొందరి మాట వినేవారికి అందకపోవడానికి కారణం వాక్యాలు తప్పుగా ఉండటం కాదు, ‘అది’, ‘అతను’, ‘వాళ్ళు’ అన్న సర్వనామాలు ఎవరిని ఉద్దేశించినవో ముందు చెప్పకపోవడం. దీన్ని ఉత్తరాంధ్రకు తెచ్చేటప్పుడు జాగ్రత్త అవసరం. భర్త పేరు పలకకూడదన్న అలవాటుతో పెరిగిన పెద్దావిడ అరగంట సంభాషణ మొత్తం ‘ఆయన’తోనే నడిపిస్తుంది. మామగారు, బావగారు, భర్త ముగ్గురూ ఆ ‘ఆయన’లోనే ఉంటారు, ఇంటివారికి ఏ ‘ఆయన’ ఎవరో తెలుస్తూనే ఉంటుంది. బయటి నుంచి వచ్చిన యువ వైద్యుడికి మాత్రం అది అచ్చంగా పుస్తకంలో చదివిన లక్షణంలా కనబడవచ్చు.

లోపలి మాట బయటి గొంతుగా మారడం

ఎవరూ లేనిచోట గొంతులు వినబడటం ఎలా సాధ్యం? ఇందుకు ఎక్కువమంది పరిశోధకులు అంగీకరించే వివరణ అంతర్వాక్కు చుట్టూ తిరుగుతుంది. మనిషి రోజంతా తనలో తాను ఎంతోకొంత మాట్లాడుకుంటూనే ఉంటాడు. మాట పుట్టించే మెదడు భాగం, ‘ఇది నేనే పుట్టిస్తున్నాను’ అన్న సూచనను వినే భాగానికి ముందుగానే అందజేస్తుంది, అందువల్ల సొంత మాట పరాయిదిగా తోచదు. సైకోసిస్‌లో, అంటే వాస్తవంతో లంకె తెగి లేనివి వినబడే, లేనివాటిని నిజమని నమ్మే స్థితిలో, ఈ ముందస్తు సూచన దెబ్బతింటుందనీ, అప్పుడు సొంత అంతర్వాక్కే మరొకరి గొంతులా వినబడుతుందనీ క్రిస్టఫర్ ఫ్రిత్ వంటివారు 1990లలో వాదించారు. అంతకు చాలాముందే, 1949లో, లూయీ గౌల్డ్ అనే పరిశోధకుడు గొంతులు వినబడుతున్న ఒక రోగి కంఠం దగ్గరి అతి సన్నని గుసగుసను యంత్రంతో పెద్దది చేసి విన్నప్పుడు, అందులోని మాటలు ఆ రోగి తనకు వినబడుతున్నాయని చెప్పిన మాటలతో సరిపోలాయి.

ఈ సంగతి చెవికి సంబంధించినది కాదు, భాషకు సంబంధించినదని చెప్పే సాక్ష్యం బధిరుల నుంచి వస్తుంది. పుట్టుకతో వినికిడి లేని వ్యక్తులకు సైకోసిస్ వచ్చినప్పుడు, కొందరు తమతో ఎవరో సంజ్ఞాభాషలో మాట్లాడుతున్నట్టు, పెదవులు కదుపుతున్నట్టు అనుభవిస్తారని జోవానా అట్కిన్సన్ 2006లో ప్రచురించిన అధ్యయనం చూపింది. ఎవరికి ఏ భాషతో ఎలాంటి అనుభవముందో దాన్ని బట్టే ఆ ‘గొంతు’ రూపం ఉంటుంది.

ఆ గొంతు ఏమంటుందన్నది కూడా సమాజాన్ని బట్టి మారుతుంది. తాన్యా లూర్మన్ బృందం 2015లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలోని సాన్ మటేయో, ఘనాలోని అక్రా, మన చెన్నై నగరాల్లో 20 మంది చొప్పున 60 మందితో మాట్లాడారు. అమెరికావారు ఆ గొంతులను మెదడు వ్యాధి లక్షణాలుగా, హింసాత్మక ఆదేశాలుగా వర్ణించారు. చెన్నైలో సగానికి పైగా వ్యక్తులు తమకు వినబడేది బంధువుల గొంతని, అవి స్నానం చేయమనీ, ఇంటి పని చేయమనీ చెబుతాయని, తిట్టినా పెద్దవాళ్ళు తిట్టినట్టే ఉంటుందని చెప్పారు. వ్యాధి ఒకటే అయినా, ఎలాంటి మాటల మధ్య పెరిగారో ఆ మాటలే గొంతులకు ముడిసరుకవుతున్నాయి. శ్రీకాకుళం, విజయనగరాల్లో ఇలాంటి పోలిక జరిపితే బంధుత్వపు పిలుపులు, గౌరవవాచకాలు ఎలా వస్తాయన్నది తప్పక పరిశీలించదగిన విషయం.

తెలుగు వ్యాకరణంలో అనుభవం దాగే చోట్లు

గౌరవవాచకాల సంగతి నుంచే మొదలుపెట్టవచ్చు. కుర్ట్ ష్నైడర్ 1939లో స్కిజోఫ్రేనియాకు ముఖ్యమైనవిగా గుర్తించిన లక్షణాల్లో, రోగి చేసే ప్రతి పనినీ ఒక గొంతు వ్యాఖ్యానిస్తూ ఉండటం ఒకటి. ఇంగ్లీషు సర్వనామం ఆ గొంతుకు రోగి పట్ల ఉన్న వైఖరిని చెప్పదు. తెలుగులో ఆ వ్యాఖ్యానం “ఈడు సూడు, లేసినాడు, గుమ్మం దగ్గరికెల్తన్నాడు” అని సాగితే, అందులో రెండు సమాచారాలు అదనంగా ఉన్నాయి. ‘ఆయన’ కాదు గనుక గొంతు అతన్ని చులకన చేస్తోంది. ‘ఆడు’ కాదు, ‘ఈడు’, కనుక ఎక్కడో దూరాన కాదు, దగ్గరలోనే ఉండి చూస్తోంది. రోగి ఎంత అవమానాన్ని, ఎంత దగ్గరితనాన్ని భరిస్తున్నాడో కొలవడానికి ఈ ఒక్క సర్వనామం చాలాసార్లు పెద్ద ప్రశ్నావళి కన్నా ఎక్కువ చెబుతుంది.

రెండో చోటు ప్రేరణ క్రియ. తన ఆలోచనలు, కదలికలు తనవి కావనీ, ఎవరో చేయిస్తున్నారనీ అనిపించడం ష్నైడర్ చెప్పిన లక్షణాల్లోనే మరొకటి. ఇంగ్లీషులో దీన్ని చెప్పాలంటే అదనపు క్రియలు కూడదీసుకోవాలి. తెలుగులో ‘చేస్తున్నాను’ నుంచి ‘చేయిస్తున్నారు’కు, ‘నడుస్తున్నాను’ నుంచి ‘నడిపిస్తున్నారు’కు ప్రత్యయం మారితే చాలు. ‘విను’ అనే ధాతువు దగ్గర ఈ తేడా ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. “మాటలు వినిపిస్తున్నాయి” అన్నది మామూలు తెలుగు, గుడి మైకులో పాట వినిపించినా ఇలాగే అంటాం. “మాటలు వినిపిస్తున్నారు” అంటే ఎవరో పనిగట్టుకుని చెవిలో పోస్తున్నారని. చివర ‘-ఆయి’ పోయి ‘-ఆరు’ వచ్చింది, అంతే తేడా. మొదటిది గొంతులు ఉన్నాయని మాత్రమే చెబుతుంది, రెండోది ఆ గొంతుల వెనుక ఒక కర్తను, ఒక ఉద్దేశాన్ని నిలబెడుతుంది. వ్యాధి ఒక మెట్టు ముదిరిందా, భ్రాంతికి (లేనిది వినబడటానికి) భ్రమ (లేనిదాన్ని నిజమని గట్టిగా నమ్మడం) తోడైందా అన్న సంగతి ఇక్కడే తెలియవచ్చు. హడావుడిగా వినే చెవికి రెండూ ఒకటే.

‘-అట’ సంగతి మొదట ప్రస్తావించినదే. “సంపేస్తారట”, “సంపేస్తారేమో”, “సంపేస్తారు” అన్న మూడింటిలో మొదటిది వినికిడి, రెండోది శంక, మూడోది నిశ్చయం. కోలుకునే దశలో నాలుగోది వినబడుతుంది: “సంపేస్తారని అనిపించీది.” ఈ ‘అనిపించడం’ తిరిగి రావడం, అంటే జరిగినదానికీ తోచినదానికీ మధ్య గీత మళ్ళీ కనబడటం, కోలుకోవడంలో ముఖ్యమైన గుర్తు. ఇవన్నీ సూచనలే గాని పరీక్షలు కావు. ఊళ్ళో కథ చెప్పే మనిషి ప్రతి వాక్యానికీ ‘-అట’ తగిలించవచ్చు. ఆ మనిషి మామూలుగా ఎలా మాట్లాడతాడో తెలిసినవారికే తేడా తెలుస్తుంది.

కుంగుబాటుకు సంబంధించి ప్రపంచమంతా ఉదాహరించే పరిశోధన ‘నేను’ చుట్టూ ఉంది. 2004లో స్టెఫనీ రూడ్, జేమ్స్ పెన్నెబేకర్ బృందం, కుంగుబాటులో ఉన్న అమెరికా కళాశాల విద్యార్థుల వ్యాసాల్లో ఉత్తమపురుష ఏకవచన సర్వనామం ఎక్కువగా వస్తుందని చూపింది. తరువాతి అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు ఈ సంబంధం ఉన్నదే గాని చిన్నదని తేలింది. తెలుగులో ఈ కొలబద్ద నేరుగా పని చేయదు. ‘వెళ్ళాను’లోనే ‘నేను’ ఉంది, విడిగా పలికితే అది నొక్కి చెప్పడమవుతుంది. పైగా బాధకు సంబంధించిన వాక్యాల్లో తెలుగువాడు కర్తగా ఉండడు. భయం వేస్తుంది, దిగులు పుడుతుంది, ఏడుపు వస్తుంది, నిద్ర పట్టదు, ఇవన్నీ ‘నాకు’ జరిగేవి. అందువల్ల తెలుగులో లెక్కించవలసినది ‘నేను’ కాదు, ‘నాకు’, ‘నా’, క్రియ చివరి ‘-ను’ మూడింటి మధ్య మారే పాళ్ళు.

వ్యతిరేక క్రియలో ఇంకో విశేషం ఉంది. ‘తిన్నాను’, ‘తిన్నావు’, ‘తిన్నాడు’ అన్నప్పుడు ఎవరో తెలుస్తుంది. ‘తినలేదు’ అన్నప్పుడు తెలియదు, నేనైనా నువ్వైనా వాడైనా ఒకటే రూపం. తీవ్రమైన కుంగుబాటులో ఉన్న మనిషి “తిన్నేదు, లెగనేదు, మాటాడనేదు” అని వరసగా చెప్పుకుపోతున్నప్పుడు ఆ మాటల్లో మనిషే కనబడడు. ఇంగ్లీషులో కుంగుబాటు ‘నేను’ను పెంచితే, తెలుగులో అదే కుంగుబాటు కొన్నిచోట్ల ‘నేను’ను మాయం చేయగలదన్న అనుమానానికి ఇది తావిస్తుంది. దీన్ని నిర్ధారించాలంటే తెలుగు రోగుల సంభాషణలను సేకరించి లెక్కవేయక తప్పదు. దానికి భిన్నంగా ‘లేవలేను’, ‘చేయలేను’లో ‘-ను’ నిలిచే ఉంటుంది. ‘లేవలేదు’ నుంచి ‘లేవలేను’కు మారడమంటే జరగనిదాని నుంచి అశక్తతకు మారడం, ఆ మార్పును వినడం అవసరం.

ఇక ‘మనం’, ‘మేము’. వినేవారిని కలుపుకునే ‘మనం’ ఇంగ్లీషులో విడిగా లేదు. ఇంట్లో ఎప్పుడూ “మనూరు, మనింటికాడ” అనే మనిషి క్రమంగా “మీ ఊరు, మీ ఇల్లు” అనడం మొదలుపెడితే, అనుమానం ఇంటిలోపలికి వచ్చేసిందని, తననూ కుటుంబాన్నీ వేరుచేసి చూస్తున్నాడని అర్థం చేసుకునే వీలుంది. ఇలాంటి మార్పును వైద్యుడికన్నా తల్లి, చెల్లెలు, భార్య ముందు పసిగడతారు.

వేగం, మౌనం

ఉన్మాద దశలో మాట ఆగదు. భావం నుంచి భావానికి, చాలాసార్లు శబ్దం నుంచి శబ్దానికి దూకుతుంది, ఎదుటివారికి సందు దొరకదు. తెలుగులో ‘వెళ్ళి, చూసి, కొని, తెచ్చి’ అంటూ క్త్వార్థకాలతో ఒకే వాక్యాన్ని ఎంతదూరమైనా లాగే వీలుంది గనుక, ఈ దశలో పూర్తి క్రియ రాకుండా నిమిషాల తరబడి సాగే వాక్యాలు సహజం. సైకోసిస్‌లో మాట చెదిరినప్పుడు ఇదే గొలుసు వేరే విధంగా తెగుతుంది. మధ్యలో కర్త మారిపోతుంది, వెళ్ళినవాడొకడు, చూసినవాడింకొకడు అవుతారు. మాట తగ్గిపోయిన దశలో గొలుసే ఉండదు, “ఎల్లేను. సూసేను. అంతే.” స్కిజోఫ్రేనియాలో వాక్యనిర్మాణం సరళమై ఉపవాక్యాలు తగ్గుతాయని ఇంగ్లీషు మీద జరిగిన పరిశోధనలు చెప్పినదానికి ఇది తెలుగు రూపంగా భావించవచ్చు.

తెలుగులో సహజమైన ఒక అలవాటును లక్షణంగా పొరబడే ప్రమాదం కూడా ఉంది. ‘డబ్బు గిబ్బు’, ‘పెళ్ళి గిళ్ళి’ అని ప్రతిధ్వని పదాలు కలపడం ఈ భాషలో ఆరోగ్యవంతుల సంభాషణ. దీన్ని శబ్దసామ్యం వెంట పోవడంగా లెక్కకట్టకూడదు. అలాగే మందులు మొదలైన తరువాత నాలుక బరువెక్కడం, నోరు ఎండిపోవడం, మాట నెమ్మదించడం కొందరిలో ఔషధ ప్రభావమే, వ్యాధి మిగిలి ఉందనడానికి గుర్తు కానక్కరలేదు.

కల, పూనకం, వ్యాధి

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ముందు, సిరిమాను కాగల చింతచెట్టు ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందన్నది తరతరాల విశ్వాసం. ఆ మాటను ఊరంతా అంగీకరిస్తుంది, వెళ్ళి చెట్టును గుర్తించి పూజ చేసి తెస్తుంది, విజయదశమి తరువాతి మంగళవారం ఉత్సవం జరుగుతుంది. ఇటు ఏజెన్సీ సరిహద్దుల్లో, ఒడిశా వైపు సవర గిరిజనుల మధ్య దీర్ఘకాలం గడిపిన మానవశాస్త్రవేత్త పియర్స్ వైటెబ్‌స్కీ, పూనకంలోని మధ్యవర్తి ద్వారా చనిపోయినవారితో కుటుంబసభ్యులు సంభాషించే ఆచారాన్ని వివరంగా నమోదు చేశారు. ఆ సంభాషణకు వేళ ఉంది, వినేవారున్నారు, ప్రశ్నలు జవాబులు ఉన్నాయి, ముగింపు ఉంది.

వ్యాధికీ ఆచారానికీ మధ్య తేడాను వాక్యంలోని విషయం బట్టి పోల్చుకోలేం. ‘అమ్మోరు సెప్పింది’ అన్న మాట రెండుచోట్లా ఒకటే. తేడా ఆ మాట చుట్టూ ఉన్న మనుషుల్లో ఉంటుంది. పూనకంలో మాట్లాడిన వ్యక్తి మర్నాడు పొలానికి వెళతాడు, అతని మాటను సమాజం తన అర్థవ్యవస్థలో ఇముడ్చుకుంటుంది. సైకోసిస్‌లో చిక్కుకున్న వ్యక్తి మాటను సొంత గుడి పూజారి కూడా తమ దేవత మాటగా ఒప్పుకోడు. నిద్ర, తిండి, పని, బంధుత్వం అన్నీ దెబ్బతింటాయి, ఆ అనుభవం ఆ మనిషిని ఒంటరిని చేస్తుంది. సంస్కృతిలో అంగీకారమున్న అనుభవాలను వ్యాధిగా లెక్కించరాదని అంతర్జాతీయ రోగవర్గీకరణలు కూడా చెప్పడానికి కారణం ఇదే.

అయితే ‘గాలి సోకింది’, ‘చిల్లంగి (చేతబడి) పెట్టారు’ అన్న వ్యాఖ్యానాలు చేసే హాని వేరు. ‘గాలి సోకింది’ అన్న మాట రోగిని నిందించదు, అంతవరకు అది ‘పిచ్చోడు’ కన్నా మెత్తనిది. కాని అది వైద్యాన్ని నెలల తరబడి వాయిదా వేయిస్తుంది, సైకోసిస్ మొదలైన తరువాత చికిత్స ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమన్నది రుజువైన విషయం. ‘చిల్లంగి’ ఇంకా ప్రమాదకరం. అందులో కర్త ఉంటాడు, ఆ కర్తకు ఊళ్ళో ఒక ఇల్లు ఉంటుంది, ఆ ఇంటి మీదికి దాడి మొదలవుతుంది.

యంత్రం వినగలదా

ఇటీవల ఈ అంశం వార్తల్లోకి రావడానికి కారణం కంప్యూటర్లు. బ్రెజిల్‌లోని నటాలియా మోటా, సిదార్త రిబైరో బృందం 2012 నుంచి, రోగి చెప్పిన కథనంలో ప్రతి పదాన్నీ ఒక చుక్కగా, వరుస పదాల మధ్య సంబంధాన్ని ఒక గీతగా మార్చి ఆ పటం ఆకారాన్ని కొలుస్తోంది. స్కిజోఫ్రేనియాలో ఆ పటం తక్కువ అల్లికతో ఉంటుందని, ఉన్మాద దశలోని మాటకు భిన్నంగా ఉంటుందని వారు చూపారు. కల గురించి చెప్పమన్నప్పుడు ఈ తేడా మరింత స్పష్టంగా కనబడటం ఆసక్తికరం. 2015లో గిల్లిందర్ బేడీ బృందం, వ్యాధి వచ్చే అవకాశం ఎక్కువున్న 34 మంది యువజనుల మాటలను విశ్లేషించి, రెండున్నరేళ్ళలో సైకోసిస్ బారిన పడిన ఐదుగురినీ ముందుగానే గుర్తించగలిగినట్టు ప్రకటించింది. ‘నూటికి నూరు శాతం’ అన్న శీర్షికలు అప్పట్లో వచ్చాయి. ఐదుగురి మీద వచ్చిన నూరు శాతం అది, దాని విలువ దారి చూపడం వరకే.

ఈ పద్ధతులను తెలుగుకు తెస్తే మొదటి అడ్డంకి పదం అంటే ఏమిటన్నది. ‘ఊరు, ఊరికి, ఊర్లో, ఊర్నుంచి’ ఇంగ్లీషులో ఒకే పదం చుట్టూ తిరుగుతాయి, తెలుగులో విభక్తిని విడదీయకపోతే నాలుగు వేర్వేరు చుక్కలవుతాయి, ఆరోగ్యవంతుడి మాట కూడా అల్లిక లేనిదిగా కనబడుతుంది. రెండో అడ్డంకి మాండలికం. మాటను అక్షరాల్లోకి మార్చే యంత్రాలు ప్రధానంగా పత్రికల, టీవీల తెలుగు మీద తయారవుతున్నప్పుడు ‘నేదు’, ‘ఎవలు’, ‘కలిపీసినారు’ వాటికి తప్పులు. యంత్రం చేసిన తప్పు రోగి ఖాతాలో పడే ప్రమాదం ఇక్కడే ఉంది.

పరాయి భాషలో వినడం వల్ల వచ్చే చిక్కు కొత్తదేమీ కాదు. 1970లో అమెరికాలో డెల్ కాస్టిల్లో, స్పానిష్ మాతృభాషగా ఉన్న రోగులు ఇంగ్లీషులో మాట్లాడినప్పుడు వ్యాధి తక్కువగా కనబడుతుందని రాశాడు. 1973లో లూయిస్ మార్కోస్ బృందం అందుకు విరుద్ధంగా, ఇంగ్లీషులోనే ఎక్కువగా కనబడుతుందని తేల్చింది. రెండింటిలో ఏది నిజమైనా, భాష మారితే రోగి వేరే మనిషిలా కనబడతాడన్నది ఉమ్మడి సంగతి. గుజరాత్ తీరంలో పడవల మీద పనికి వెళ్ళిన శ్రీకాకుళం మత్స్యకారుడికి, చెన్నైలో కట్టడం పనిలో ఉన్న విజయనగరం కూలీకి అక్కడ జబ్బు చేస్తే ఈ సమస్య పూర్తి బరువుతో మీద పడుతుంది. తెలుగే రెండో భాష అయిన సవరలకు శ్రీకాకుళంలోనే పడుతుంది.

వినేవారి భాష

రోగి మాట ఎలా ఉన్నదన్నదానికి జతగా, అతని గురించి మాట్లాడే మాట ఎలా ఉన్నదన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. తెలుగులో జ్వరం వచ్చినవాడిని ‘జ్వరపువాడు’ అనరు, ‘వాడికి జ్వరం వచ్చింది’ అంటారు. మధుమేహం, రక్తపోటు కూడా మనిషికి ‘ఉంటాయి’. మానసిక వ్యాధి దగ్గరికి వచ్చేసరికి ‘వాడికి ఉంది’ పోయి ‘పిచ్చోడు’, ‘ఎర్రోడు’ వస్తాయి. ఒకప్పుడు కుష్ఠురోగుల విషయంలోనూ ఇదే జరిగింది. ‘వాడికి’ అన్నంతకాలం వ్యాధి వచ్చి పోగలది. ‘వాడు’గా మారిన తరువాత ఆ మనిషి ఏం మాట్లాడినా పిచ్చిమాటే, కడుపునొప్పి అని చెప్పినా సరే. “పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట” అన్న సామెత చేసే పని ఇదే, కోలుకున్నానన్న మాటను కూడా అది రోగలక్షణంగా మార్చేస్తుంది. మానసిక వైద్యశాల ఉన్నందువల్ల హైదరాబాదు చుట్టుపక్కల ‘ఎర్రగడ్డ’ అన్న పేరు ఎగతాళిగా మారడమూ ఇలాంటిదే.

పేరు మార్చడం వల్ల ఎంతోకొంత మేలు జరుగుతుందనడానికి జపాన్ ఉదాహరణ ఉంది. ‘మనసు చీలిన వ్యాధి’ అనే అర్థమున్న పాత పేరును అక్కడ 2002లో తొలగించి, ‘సమన్వయం లోపించడం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ తరువాత వైద్యులు రోగికి వ్యాధి పేరు చెప్పడం పెరిగింది. భారత చట్టాల భాష కూడా మారుతూ వచ్చింది. 1912 నాటి చట్టం పేరులోనే ‘ఉన్మత్తులు’ అన్న భావం ఉండేది, 1987 చట్టం దాన్ని తొలగించింది. 2018 మేలో అమల్లోకి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, చికిత్సకు సమ్మతి కోరేటప్పుడు సమాచారాన్ని ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే రీతిలో చెప్పాలని నిర్దేశించింది. ‘అర్థమయ్యే భాష’ అంటే సీతంపేట సవరకు పత్రికల తెలుగు కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు సిద్ధం చేసిన గిడుగు రామమూర్తి శ్రీకాకుళం జిల్లావారే, వాడుకభాష కోసం ఆయన చేసిన వాదన ఆసుపత్రుల దాకా ఇంకా పూర్తిగా చేరలేదు.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో సైకోసిస్ ఉన్నవారిలో సుమారు నాలుగింట మూడు వంతులకు చికిత్స అందడం లేదు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. మానసిక వైద్యుడికి ఒక్కో రోగి మీద కొద్ది నిమిషాలే దొరికే చోట ప్రత్యయాల దాకా వినమనడం అత్యాశగా కనబడవచ్చు. కాని ఆ పని ఇంట్లోనే మొదలుకావచ్చు. మార్పు ఎప్పుడు మొదలైందో తేదీతో సహా రాసుకోవడం, రోగి అన్న మాటను సారాంశంగా కాక అతని నోట వచ్చినట్టే, ‘నేదు’ను ‘లేదు’గా దిద్దకుండా, రెండు మూడు వాక్యాలైనా కాగితం మీద పెట్టి తీసుకువెళ్ళడం, ముందు ఎలా మాట్లాడేవాడో కూడా చెప్పడం వైద్యుడి సమయాన్ని ఆదా చేస్తాయి. “సచ్చిపోవాలనుంది” అన్న మాట వినబడితే దాన్ని విసుగులో అన్నదిగా కొట్టిపారేయకుండా, ఆ ఆలోచన నిజంగా వస్తోందా అని సూటిగా అడగాలి. అలా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరు మీద రాత్రింబవళ్ళు, తెలుగులో కూడా ఉచితంగా అందుబాటులో ఉంది. ఆ నంబరుకు ఫోన్ చేసినప్పుడు కూడా ముందుగా చెప్పవలసినది ఆ మనిషి అన్న మాటే, అన్నది అన్నట్టుగా.